చివరి వంతుకి మిగిలిన డబ్బా

టప్‌మని చిన్న చప్పుడు. తెర నల్లబడింది.

కోడలి చెయ్యి మౌస్ మీద అలాగే ఉండిపోయింది. అప్పటిదాకా తెర మీద ఒక వంటగది మెల్లమెల్లగా ప్రాణం పోసుకుంటోంది. నల్లరాతి గట్టు, గట్టు మీద వాలిన ఎండ, గాజు తలుపుల అలమర. ముప్పాతిక బొమ్మ తయారైంది. ఆ మిగతా పాతికా పూర్తి కాకుండానే కంప్యూటర్ ఆగిపోయింది. పొద్దుటి నుంచీ ఇదే వరస.

"మళ్ళీనా?" అన్నారు సోఫాలోంచి మామగారు.

మళ్ళీనే అని అందరికీ కనపడుతూనే ఉంది.

ఆ బొమ్మని సగంలో దాచుకోవడానికి కుదరదు. గది కొలతలూ గోడల రంగులూ దీపాలుండే చోట్లూ అన్నీ ఆమె గీసిపెడితే, వాటిని కలిపి ఫొటో తీసినట్టుండే బొమ్మని తయారుచేసే పని కంప్యూటర్‌ది. మొదలుపెడితే చివరిదాకా నడవాలి. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటికే.

"నా కార్డు మీద పడకండి, ముందే చెప్తున్నా," అన్నాడు మరిది, గోడకి ఆనుకుని నిలబడి.

"నీ కార్డుని ఎవరేమన్నార్రా?" అంది అత్తగారు.

"అనబోతున్నారుగా. మా ఆటల గుంపులో ఇంత మంచి గ్రాఫిక్స్ కార్డు ఇంకెవరికీ లేదు. దానిలో వంక పెట్టడానికేం లేదు."

"ప్రాసెసర్‌లో మాత్రం ఏముంది వంక?" అన్నాడు కోడలి మొగుడు. "మా షాపుకొచ్చే కస్టమర్ ఒకాయన చెప్పాడు. దాన్ని మించింది లేదన్నాడు."

ఆయన నడిపేది మందుల షాపు. దగ్గుమందు కొనుక్కోడానికి వచ్చిన మనిషి సలహా మీద కంప్యూటర్‌కి మెదడు కొన్న ఘనత ఈయనకే దక్కింది.

మామగారు లేచొచ్చి కంప్యూటర్ క్యాబినెట్‌ని అరచేత్తో తట్టారు. బీరువా తలుపు మీద తట్టినట్టు మోగింది.

"పెట్టె సంగతి చూడండి. ఎంత దిట్టంగా ఉందో. దీని మీద మనిషి నిలబడినా సొట్ట పడదు."

కంప్యూటర్ మీద మనిషి ఎందుకు నిలబడతాడో ఎవరూ అడగలేదు.

"నా ర్యామ్ పాపం చక్కగా వెలుగుతోంది," అంది అత్తగారు. ఆవిడ ఎంచుకున్న ముక్క అది. షాపులో నాలుగు రకాలు చూపిస్తే, రంగులు మార్చుకుంటూ వెలిగే దాన్ని చూసి ముచ్చటపడి తీసుకుంది. అదే ధరకి దీపాలు లేనివి రెండు వచ్చేవి.

అలా ఎవరి వస్తువుని వాళ్ళు వెనకేసుకొచ్చాక నలుగురూ కోడలి వైపు తిరిగారు. మిగిలింది ఆమె ఎంచుకున్న ముక్క ఒక్కటే. గోడలోంచి వచ్చే కరెంటుని లోపలున్న అన్నిటికీ పంచిపెట్టే పవర్ సప్లై డబ్బా.

"ఆ డబ్బా ఎవరు ఎంచుకున్నారు?" అన్నారు మామగారు.

ఆయనకి తెలియక కాదు. బస్సు డిపోలో డ్యూటీలు వేస్తూ తల నెరిసిన మనిషి. ఎక్కడ ఏ బండికి ఏం జరిగినా, ఆ పూట డ్యూటీలో ఎవరున్నారని అడగడంతో మొదలుపెట్టడం ఆయనకి అలవాటు.

"నేనే మామయ్యగారూ."

"మరి మంచిది చూసి తీసుకోవాల్సిందమ్మా," అన్నారాయన ఎంతో మెత్తగా.

ఆ మెత్తదనమే ఆమెకి మింగుడుపడలేదు. తిట్టినా బాగుండును, ఎదురు చెప్పడానికి వీలుండేది.

ఈ ఇంట్లో ఏది కొన్నా వంతుల ప్రకారమే కొంటారు. సోఫా కొన్నప్పుడు చెక్క మామగారు ఎంచారు, గుడ్డ అత్తగారు ఎంచింది, కాళ్ళు పెద్దకొడుకు ఎంచాడు, దిండ్లు చిన్నకొడుకు ఎంచాడు. ఆ సోఫా ఒక పక్కకి వాలి ఉంటుంది. అయినా ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు కాబట్టి పద్ధతి మంచిదేనని మామగారి నమ్మకం. పెద్దవాళ్ళతో మొదలై చిన్నవాళ్ళతో ముగుస్తుంది వంతు. కోడలు మరిదికంటే వయసులో పెద్దదే. కానీ ఈ ఇంటికి చివర వచ్చింది గనక ఆమె వంతు చివరిది.

కంప్యూటర్ కూడా అలాగే కొన్నారు. పగలు వదిన పనికి, సాయంత్రం మరిది ఆటకి. అందరూ కలిసి డబ్బు వేసుకున్నారు, అందరూ కలిసి షాపుకి వెళ్ళారు. ముందు పెట్టె. తర్వాత దీపాల ర్యామ్. తర్వాత ప్రాసెసర్. తర్వాత మూరెడు పొడుగు కార్డు. చివరికి కోడలి దగ్గరికి వచ్చేసరికి మిగిలిన డబ్బుకి ఒకే ఒక్క డబ్బా వచ్చింది. దాని మీద కంపెనీ పేరు కూడా సరిగ్గా అతకలేదు, ఒక మూల లేచి ఉంది.

"ఆట ఆడితే ఎందుకు ఆగదు మరి?" అన్నాడు మరిది. "నిన్న సాయంత్రం అంతసేపు ఆడాను. కిక్కురుమనలేదు. వదిన పనికి మాత్రమే ఆగుతోందంటే ఆ పనిలోనే ఏదో ఉంది."

"ఆటలో కార్డు కాసేపు పరిగెత్తి కాసేపు ఊపిరి తీసుకుంటుంది," అంది కోడలు. "నా పనిలో కార్డూ ప్రాసెసరూ రెండూ ఆపకుండా పరిగెత్తాలి. రెండూ ఒకేసారి కరెంటు లాగితే ఆ డబ్బా తట్టుకోలేక ఆపేస్తోంది."

"అంటే పని తగ్గించుకోవచ్చుగా," అన్నాడు మొగుడు.

"ఎలా తగ్గించుకోమంటారు?"

"ఏమో, ఆ గాజు తలుపులవీ తీసేసి..."

"వాళ్ళు అడిగిందే గాజు తలుపులు."

"చూద్దాంలే," అన్నాడు మొగుడు.

ఆయనకి బంధువుల్లో పేరే 'చూద్దాంలే'. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగినా అదే మాట అన్నాడట. ఇంతవరకు ఆయన దేన్నీ చూసిన దాఖలా లేదు.

ఆమె లేచి ఆయన దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించింది. "నేను షాపులో చెప్పాను. కార్డు కొనేముందు ఈ డబ్బా సంగతి చూద్దామని."

"ఎప్పుడు చెప్పావు?"

"మీరు ఆ కస్టమర్‌కి ఫోన్ చేస్తున్నప్పుడు."

"నాకు వినపడలేదే. ఒకసారి గట్టిగా చెప్పాల్సింది."

ఎంత గట్టిగా చెప్తే ఈ ఇంట్లో గట్టిగా చెప్పినట్టో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

టేబుల్ మీద ఫోన్ మోగింది. మేడమ్. పెళ్ళికి ముందు ఆమె పనిచేసిన డిజైన్ ఆఫీసుని నడిపే మనిషి.

"ఏమ్మా, వంటగది ఎంతవరకు వచ్చింది?"

"అవుతోంది మేడమ్. కంప్యూటర్ కొంచెం ఇబ్బంది పెడుతోంది."

"పొద్దున్న పంపినది చూశాను. చుక్కలు చుక్కలుగా ఉంది, ఇసక పోసినట్టు. అది చూపించలేను."

"అది త్వరగా అవ్వాలని తగ్గించి చేసింది మేడమ్. అసలుది పంపిస్తాను."

"నీకిచ్చిన వంటగదే ఇంకో అమ్మాయికీ ఇచ్చానని చెప్పాగా. ఆ అమ్మాయి మధ్యాహ్నమే పంపేసింది. బాగానే ఉంది. కానీ నాకు నీ చెయ్యి తెలుసు, అందుకే ఆగాను. నేను ఆఫీసు మూసేలోపు పంపు. రేపు పొద్దున్నే ఆ ఇంటివాళ్ళు వస్తున్నారు. ఆ తర్వాత నా చేతుల్లో ఏం ఉండదు."

"పంపిస్తాను మేడమ్."

ఆమె ఫోన్ పెట్టేసింది. నాకు నీ చెయ్యి తెలుసు అన్న మాట విని ఎంత కాలమైందో. అత్తగారి మోకాలి ఆపరేషన్ అప్పుడు ఆఫీసు మానేసింది. ఆవిడ లేచి నడిచేసరికి ఆఫీసులో తన కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. ఇప్పుడు ఈ వంటగది నచ్చితే ఇంటి దగ్గరే ఉండి నెలనెలా పని. నచ్చకపోతే మందుల షాపులో బిల్లింగ్ కౌంటర్. అక్కడ పనిచేసే అమ్మాయి మానేస్తోంది. ఫ్రిజ్ పక్కన అతికించిన ఇంటి డ్యూటీ చార్టులో వచ్చే నెల గడిలో కోడలి పేరు పక్కన 'కౌంటర్' అని పెన్సిల్‌తో రాసి ఉంచారు మామగారు. పెన్సిల్‌తోనే కదమ్మా, చెరిపేయొచ్చు అన్నారు కూడా.

మాత్రల అట్టలు లెక్కపెట్టి చిల్లర ఇవ్వడం తప్పుపని కాదు. కానీ ఆ కౌంటర్ వెనక కూర్చుంటే మళ్ళీ ఇంకెప్పుడూ ఒక గదిలోకి ఎండ ఎటునుంచి రావాలో తనని ఎవరూ అడగరు. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడిస్తే దానికి కూడా నలుగురూ తలో సలహా చెప్తారని ఊరుకుని వంటింట్లోకి వెళ్ళింది.

అత్తగారు అప్పటికే వచ్చి టీ పెడుతోంది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడింది, మోకాలు ఇంకా సరిగ్గా మాట వినడం లేదు.

"మీరు కూర్చోండి అత్తయ్యా, నేను పెడతాను."

"కూర్చుని ఏం చెయ్యను? అక్కడ ఒక్కొక్కరి మొహం చూడాలి." అత్తగారు పొయ్యి మంట తగ్గించింది. తర్వాత అటు తిరిగే ఉండి అంది, "నువ్వు షాపులో చెప్పావు."

కోడలు కప్పులు తీస్తూ ఆగింది.

"కార్డు చేతిలోకి తీసుకున్నాడు చిన్నాడు. అప్పుడు నువ్వు, ముందు ఆ డబ్బా చూద్దాం మామయ్యగారూ, అన్నీ కలిపి ఎంత కరెంటు తింటాయో లెక్కేసి దానికి తగ్గది తీసుకుని, మిగిలిన డబ్బులో కార్డు చూద్దాం అన్నావు. మీ మామగారు, నీ వంతు రానీ అమ్మా అన్నారు. నేను పక్కనే ఉన్నాను."

"మరి ఇందాక అక్కడ అనలేదేం అత్తయ్యా?"

అత్తగారు టీ వడగట్టింది. ఒక కప్పు, రెండో కప్పు.

"ఏమని అనను? వంతుల పద్ధతే తప్పని ఆయన మొహం మీద చెప్పాలి. డిపోలో ఆయన వేసిన డ్యూటీకి ఒక్కడూ ఎదురు చెప్పి ఎరగడు. రిటైరయ్యాక ఆయనకి మిగిలింది ఆ ఫ్రిజ్ పక్కన చార్టొక్కటే. అది కూడా చింపేసి ఆయన చేతిలో పెట్టనా?"

"మరి నాకేం మిగిలింది?"

అత్తగారు ఆమె వైపు చూసింది. చూసి, కప్పులు పళ్ళెంలో సర్దింది. "తీసుకెళ్ళు, చల్లారిపోతుంది," అంది.

హాల్లో మరిది షాపువాడితో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అందరికీ వినపడేలా పెట్టాడు.

"అంత కార్డుకి ఆ డబ్బా సరిపోదు సార్," అంటున్నాడు షాపువాడు. "రెండింతలది కావాలి."

"ఆ రోజు ఏదైనా నడుస్తుందన్నావుగా?"

"నడుస్తుందనే అన్నాను సార్. పరిగెత్తుతుందని అనలేదు. నలుగురూ తలోటి చెప్తున్నారు, నేను మధ్యలో ఏం చెప్పను? ఇవాళ షాపు సెలవు. రేపు రండి, మార్చి ఇస్తాను. ఇవాళ్టికి కార్డు తీసేసి ప్రాసెసర్ మీదే నడుపుకోండి. నిదానంగా అవుతుంది."

"ఎంత నిదానం?"

"రేపటికి అయిపోద్ది సార్."

రేపటికి అన్న మాట వినగానే కోడలు టీ పళ్ళెం టేబుల్ మీద పెట్టి, కుర్చీలో కూర్చుంది.

మరిది ఆమె మొహం చూశాడు. కార్డు పిచ్చి తప్ప వాడు చెడ్డవాడు కాదు. "వదినా, ఒక పని చెయ్యొచ్చు. కార్డు పూర్తి జోరుతో నడవకుండా కళ్ళెం వెయ్యొచ్చు. అందులోనే ఒక సెట్టింగ్ ఉంది. తక్కువ కరెంటు లాగుతుంది. కొంచెం టైము ఎక్కువ పడుతుంది కానీ ఆగకపోవచ్చు."

"మేడమ్ వెళ్ళేలోపు అవుతుందా?"

"ఇప్పుడే మొదలుపెడితే, అవ్వాలి మరి."

వాడే కూర్చుని సెట్టింగ్ తగ్గించాడు. తన కార్డు గొంతు తనే నొక్కుతున్నట్టు బాధగా మొహం పెట్టాడు. కోడలు వంటగదిని మళ్ళీ తెరిచి మొదలుపెట్టింది. గట్టు కనపడింది. ఎండ పడింది. నల్లరాతిలో ఎండ చాయ చిన్నగా మెరిసింది. కంప్యూటర్ నిలకడగా, ఒకే స్వరంతో మూలుగుతోంది.

"నడుస్తోంది," అన్నాడు మొగుడు.

"అనకండి," అంది కోడలు.

మామగారు లేచారు. మనిషి పెద్దాయన, మంచాయన, కష్టం వచ్చిన చోట చేతులు కట్టుకుని కూర్చోలేరు. ముందు హాల్లో ఫ్యాన్ ఆపారు. తర్వాత ఫ్రిజ్ ప్లగ్గు తీశారు. గదుల్లోకి వెళ్ళి అక్కడి ఫ్యాన్లూ లైట్లూ ఆపుకుంటూ వచ్చారు.

"ఇదేంటి నాన్నా?" అన్నాడు మరిది.

"కరెంటు చాలడం లేదన్నారుగా. ఇంట్లో ఉన్నదంతా దానికే పోనీ."

"అలా కాదు నాన్నా, అది గోడలో కరెంటు సంగతి కాదు, డబ్బా..."

"నాకు తెలుసులేరా. డిపోలో బండికి డీజిల్ చాలకపోతే పక్క బండి ట్యాంకులోంచి తీసి పోసేవాళ్ళం. ఏదైనా అంతే."

"మామయ్యగారూ, ఫ్యాన్ ఉండనివ్వండి," అంది కోడలు. "గది వేడెక్కితే పెట్టె కూడా వేడెక్కుతుంది. మీ పెట్టెకి ముందువైపు గాలి పోవడానికి కంతలు కూడా లేవు."

"దిట్టమైన ఇనుమమ్మా అది. కంతలుంటే దుమ్ము పోతుంది. వేడికేం కాదు. నువ్వు నీ పని చూసుకో, మేం ఎలాగో ఓర్చుకుంటాం."

మేం ఓర్చుకుంటాం అన్నాక ఇంకేం చెప్తుంది? ఆమె కోసమే కదా అందరూ ఉక్కపోతలో కూర్చుంటున్నారు. పెట్టె పక్క తలుపు తీసి పెట్టింది, చేతనైంది అదొక్కటే. మొగుడు మందుల కంపెనీవాళ్ళ కాగితం మడిచి విసురుకుంటున్నాడు. అత్తగారు చీరకొంగుతో మెడ తుడుచుకుంటోంది. మామగారు చెమటలు కారుతున్నా స్టీరింగు ముందు కూర్చున్న డ్రైవరులా కదలకుండా కూర్చున్నారు. ఆ మొహంలో ఎంత ఆశ ఉందో. కోడలికి ఒక పక్క కడుపు మండిపోతోంది, ఇంకో పక్క ఆయన్ని చూస్తే జాలేస్తోంది. రెండూ ఒకేసారి రావడం అన్నిటికంటే కష్టంగా ఉంది.

గాజు తలుపులు తేలాయి. వాటి వెనక గిన్నెలు కనపడ్డాయి. ముప్పాతిక దాటింది. ఇంతవరకు ఎప్పుడూ దాటలేదు.

"దాటిందమ్మా," అన్నారు మామగారు.

పైవరస అలమరలు వచ్చాయి. కిటికీ బయట చెట్టు నీడ వచ్చింది. ఇంక ఒక మూల మాత్రమే మిగిలింది, కుడి పక్కన పైన అరచెయ్యంత చోటు. కోడలు మేడమ్‌కి పంపడానికి మెయిల్ కూడా తెరిచి పెట్టుకుంది. పెట్టెలోంచి వచ్చే గాలి మోకాళ్ళకి తగులుతోంది, ఆవిరిలా ఉంది.

"ఫ్యాన్ వెయ్యండి," అంది. "ఒక్కసారి ఫ్యాన్ వెయ్యండి ఎవరైనా."

మొగుడు తండ్రి వైపు చూశాడు. తండ్రి తెర వైపు చూస్తున్నారు. "ఇంకొంచెమేగా," అన్నారు.

టప్.

ఈసారి 'మళ్ళీనా' అని ఎవరూ అనలేదు. మొగుడి చేతిలో కాగితం ఆగింది. నల్లతెరలో అయిదుగురి మొహాలూ కనపడుతున్నాయి, చెమటతో మెరుస్తూ.

మామగారు వెళ్ళి ఫ్యాన్ వేశారు. ఫ్రిజ్ ప్లగ్గు పెట్టారు. బయట పొద్దు వాలిపోయింది. మేడమ్ ఆఫీసు మూసే వేళ అయింది.

"పోనీలేమ్మా," అన్నారు వెనక్కి వచ్చి. "మనం చెయ్యగలిగిందంతా చేశాం. రేపు షాపు తియ్యగానే వెళ్ళి మంచి డబ్బా తెద్దాం. కొనేది ఒకటే వస్తువు కాబట్టి వంతు నాదే వస్తుంది. నేనే దగ్గరుండి చూసి, మన పెట్టెకి తగ్గట్టు దిట్టమైనది తీసుకుంటాను."

కోడలు తెర మీంచి కళ్ళు తిప్పింది.

"మామయ్యగారూ, ఆ డబ్బా నేను ఎంచుకుంటాను."

మొగుడు కాగితాన్ని ఇంకో మడత పెట్టాడు. అత్తగారు ఖాళీ కప్పుల్లోకి చూస్తోంది.

"నీ వంతు పోయినసారే అయిపోయింది కదమ్మా," అన్నారు మామగారు.

కోపంగా అనలేదు. టికెట్టు ఇదివరకే తీసుకున్న ప్రయాణికురాలికి గుర్తుచేసినట్టు, ప్రేమగానే అన్నారు.

కోడలు అత్తగారి వైపు చూసింది. వంటింట్లో చెప్పిన మాట ఇక్కడ ఒక్కసారి చెప్తుందేమోనని చూసింది. అత్తగారు కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టింది.

"వదినా," అన్నాడు మరిది నసుగుతూ. "నువ్వు కొంచెం లేస్తే... చార్టు ప్రకారం నా టైము మొదలైంది. ఇవాళ మ్యాచ్ ఉంది. మా వాళ్ళంతా చూస్తుంటారు. ఆటకైతే ఆగదుగా."

ఆమె లేచింది. కుర్చీ వాడికి వదిలేసింది. వదిలి, లోపలికి వెళ్ళకుండా, పెట్టె పక్కన నేల మీద కూర్చుంది. గోడకున్న ప్లగ్గు లాగేసింది. తెరిచి ఉన్న పక్క తలుపులోంచి చెయ్యి పెట్టి, మూరెడు కార్డుకి వెళ్ళే తీగ ఊడదీసింది. తర్వాత ప్రాసెసర్‌కి వెళ్ళేది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు మొగుడు.

"నా వంతు నేను తీసుకుంటున్నాను."

"అంటే?"

"మీ తమ్ముడి కార్డు అతనికుంది. మీ ప్రాసెసర్ మీకుంది. పెట్టె మామయ్యగారిది, దీపాలు అత్తయ్యవి. ఇందులో నేను ఎంచుకున్నది ఈ డబ్బా ఒక్కటేగా. ఇది నేను తీసేసుకుంటాను."

"అది తీసేస్తే మిగతావేవీ నడవవు వదినా."

"తెలుసు."

పంతంతో అన్న మాట కాదు అది. అంత అలసట. ఇంకెలా చెప్తే వినపడుతుందో తెలియక చేతులే మాట్లాడుతున్నాయి. డబ్బాని పట్టి ఉంచిన మరలు వెనక ఉన్నాయి. గోటితో తిప్పబోయింది. గోరు విరిగింది, మర కదల్లేదు.

"స్క్రూడ్రైవర్ ఎక్కడుంది?"

మొగుడు నోరు తెరిచాడు. "ఇప్పుడు అవన్నీ ఎందుకు, రేపు చూద్దాం..."

అత్తగారు లేచింది. కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిందనే కోడలు అనుకుని, మళ్ళీ మర మీదికి వంగింది. లోపల ఏదో సొరుగు తీసిన చప్పుడైంది. తర్వాత కుంటుకుంటూ వస్తున్న అడుగులు దగ్గరికొచ్చి ఆగాయి. అత్తగారు గోడ పట్టుకుని, మోకాలు నొప్పికి పళ్ళు బిగించి వంగి, స్క్రూడ్రైవర్ కోడలి చేతిలో పెట్టింది.

పెట్టి, నిలబడి, మామగారి వైపు తిరిగింది.

"షాపులో ఈ డబ్బానే ముందు చూద్దామంది ఈ పిల్ల," అంది. "మీరు వంతు రానీ అన్నారు. నేను విన్నాను. ఇందాక ఎవరు ఎంచుకున్నారని మీరు అడిగినప్పుడూ నాకు గుర్తుంది. చెప్పలేదు."

మామగారి కళ్ళు ఫ్రిజ్ పక్కన చార్టు మీదికి వెళ్ళాయి, అక్కడేమైనా జవాబు రాసి ఉందేమోనన్నట్టు. అక్కడ ఉన్నవి గడులూ, పేర్లూ, వేళలూ. పెద్దాయన మొహానికి ఒక్కసారిగా ఇంకా వయసు మీదపడ్డట్టయింది. ఆ మొహం చూసి కోడలి చెయ్యి మర మీద ఆగింది. ఇప్పుడు తిప్పాలో మానాలో ఆమెకి తెలియలేదు.

టేబుల్ మీద ఫోన్ మోగడం మొదలుపెట్టింది. మేడమ్.

చేతిలో స్క్రూడ్రైవర్‌తో నేల మీద కూర్చున్న కోడలు లేవలేదు. ఫోన్‌కి దగ్గరగా ఉన్న మొగుడు దాని వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు. అది మోగుతూనే ఉంది. తీయడం ఎవరి వంతో ఎవరికీ తెలియడం లేదు.